మిగిలిన ఎనిమిది రోజులు

జూన్ 28

లెక్కలమ్మా,

ఇక్కడ మేమంతా బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను. ఇదివరకు ఈ ముక్క చెయ్యి దానంతటదే రాసేసేది. ఇప్పుడు రాయబోతే కలం ఆగింది. అయినా రాశాను, ఇవాళ్టికి నిజమే కాబట్టి.

నిన్ను పెద్దాఫీసువాళ్ళు పట్టుకుపోయి నెల దాటింది. ఈ మాయరోగం ఎంతమందిని తీసుకుపోతుందో ముందే లెక్క కట్టాలని చెప్పి వెళ్ళావు. మందుల కొట్టాయన నేను కనబడినప్పుడల్లా "మీ ఆడపడుచు ఏమంటోందమ్మా?" అని అడుగుతున్నాడు, నువ్వేదో వాన ఎప్పుడు పడుతుందో చెప్పే మనిషివైనట్టు. "పొయ్యి మీద పాలు ఎప్పుడు పొంగుతాయో దానికి తెలీదు, ఇంక రోగం సంగతేం తెలుస్తుంది" అన్నాను. తప్పా?

స్కూళ్ళు మూసేశారు కదా, యూనిఫాంలు కుట్టించుకునేవాళ్ళు లేరు. నీలం గళ్ళ గుడ్డ రెండు తానులు మిగిలిపోతే వాటితో మాస్కులు కుడుతున్నాను. మీ అన్నయ్యకూ ఒకటి కట్టాను. ఆరో తరగతి పిల్లాడు తెల్లమీసాలతో బడికి బయల్దేరినట్టున్నారు. నీ మేనకోడలు పిచ్చుక నవ్వలేక కిందపడి దొర్లింది.

అసలు సంగతికొస్తాను. మీ అన్నయ్యకు ఇరవై రోజుల సెలవు పోగుపడి ఉంది. పిచ్చుకకు సముద్రం చూపిద్దామని మూడేళ్ళుగా దాచింది. సముద్రం ఎక్కడికీ పోదు, ముందు మనం ఉండాలి కదా. పోస్టుమాస్టరు గారు కొత్త రూలు పెట్టారు. మనుషులు తక్కువ, కాబట్టి ఎవరైనా ఒక్కసారే, ఒకే వరసన సెలవు తీసుకోవాలి. అది కూడా నెల ముందు రాసివ్వాలి. రాసిచ్చాక మార్చడానికి లేదు. రోజుకు మూడు వందల గడపలు తొక్కే పోస్టుమాన్ ఉద్యోగం మీ అన్నయ్యది. ఆ ఇరవై రోజులూ ఎప్పుడు ఇంట్లో కూర్చోవాలో తేలక క్యాలెండరు ముందు నిలబడి గడ్డం గోక్కుంటున్నారు. "మరీ ఘోరంగా ఉండే రోజులేవో మా చెల్లి చెబుతుంది, దాన్ని అడుగు" అన్నారు. నువ్వే అడగొచ్చుగా అంటే నవ్వేసి సైకిలెక్కారు. ఊరి ఉత్తరాలన్నీ మోసే మనిషి, సొంతంగా ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

ఊరందరికీ టైముకు అందిస్తారు, ఇంటి పని మాత్రం ఒకరోజు ఆలస్యం. పిచ్చుక పుట్టినరోజు ఈసారి కూడా మర్నాడే గుర్తొచ్చింది. కాబట్టి నువ్వు తొందరగా రాయి.

నీ వదిన

---

జులై 2

వదినా,

పాలు పొంగిపోయింది ఒక్కసారే. ఆ రోజు నన్ను కబుర్లలో పెట్టింది నువ్వు. ఆ సంగతి మందుల కొట్టాయనకు ఎందుకు చెప్పలేదు?

మేం ఆరుగురం ఒక పాత రికార్డుల గదిలో పనిచేస్తున్నాం. ఫైళ్ళు తీసేశారు గానీ వాటి దుమ్ము మాకే వదిలేశారు. తుమ్మినవాళ్ళ వైపు మిగతా అయిదుగురం అనుమానంగా చూస్తాం. గోడ పొడవునా గ్రాఫు కాగితాలు అతికించాం. ఒక్కో ఊరికి మూడు గీతలు. ఆకుపచ్చది అదృష్టం బాగుంటే, నల్లది మామూలుగా జరిగితే, ఎర్రది ఖర్మ కాలితే. రోజూ పొద్దున్నే మా పెద్దాయన వచ్చి ఒకటే అడుగుతాడు: "ఎంతమంది పోతారు? ఎప్పుడు పోతారు?" మంచాలెన్ని కావాలి, బండ్లెన్ని కావాలి, అన్నీ దాన్నిబట్టే. రోగం అంటుకున్నవాళ్ళ లెక్క ఎవరికీ సరిగ్గా తెలీదు. సగం మంది దాచేస్తారు. చావును దాచలేరు కదా. అందుకే మా గోడ నిండా ఉన్నది చావుల లెక్కే.

మన ఊరి కాగితం నా కుర్చీ ఎదురుగానే ఉంది. తలెత్తి చూసి రాస్తున్నాను. ఎక్కువగా ఉండేది ఆగస్టు 20న. దానికి అటూ ఇటూ పదేసి రోజులు. అన్నయ్యను ఆగస్టు 10 నుంచి 29 దాకా సెలవు రాసివ్వమను. ఆ ఇరవై రోజులూ గుమ్మం దాటనివ్వకు. గడియ నీ చేతిలో పెట్టుకో.

ఇంకొకటి. బయటి నుంచి వచ్చే ఏ కాగితమైనా, నా ఉత్తరమైనా సరే, ఇంట్లోకి తేవద్దు. వరండాలో ఎండ తగిలే చోట ఒక రేకు డబ్బా పెట్టి అందులో వెయ్యి. మూడు రోజులయ్యాకే తెరువు. అన్నయ్య చేతికి వెయ్యి చేతులు తగిలిన కాగితాలు వస్తాయి, గుర్తుపెట్టుకో.

మన ఊరి మొత్తానికి నల్ల గీత ప్రకారం నాలుగు వందల పది. ఇది నీకు రాయకూడదు. చదివి చించెయ్యి.

నీ లెక్కలమ్మ

---

జులై 10

లెక్కలమ్మా,

సెలవు మంజూరైంది. మీ అన్నయ్య క్యాలెండరు మీద పది నుంచి ఇరవై తొమ్మిది దాకా పిచ్చుక దగ్గరున్న రంగు పెన్సిలుతో గీత గీశారు. ఎర్ర పెన్సిలు ఇస్తే వద్దని ఆకుపచ్చ అడిగారు. రేకు డబ్బా కూడా తయారు. బిస్కెట్ల డబ్బా ఒకటి ఖాళీ చేయమంటే తండ్రీ కూతుళ్ళు ఒక్క పూటలో చేసేశారు.

ఆ చివరి ముక్క ఎందుకు రాశావు? చించేశాను. చించితే పోయేదా అది! పొద్దున రొట్టెల కోసం లైన్లో నిలబడితే నా ముందు పద్నాలుగు మంది, వెనక తొమ్మిదిమంది. వీళ్ళలో ఎవరో అనుకున్నాను. ఒకావిడ చంటిదాన్ని ఎత్తుకుని ఉంది. ఆవిడ వైపు చూడలేక తల తిప్పుకున్నాను. నువ్వు ఆ గోడ ఎదురుగా కూర్చుని ఎలా తింటున్నావమ్మా? నిష్ఠూరం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఆ నాలుగు వందల పదిలో మా ఇంటి అంకె కూడా వేసుకునే లెక్క కట్టావా?

నీ తారీఖు దొరికాక మీ అన్నయ్యకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. పోస్టాఫీసులో ముగ్గురు భయపడి జులైలోనే సెలవు పెట్టేశారు. వాళ్ళు ఉత్తరాలు పంచే బీట్లు ఎవరికని పోస్టుమాస్టరు గారు తల పట్టుకుంటే, "ఆసుపత్రి వీధి నేను చూస్తాను సార్, నాకు ఆగస్టు ఉందిగా" అన్నారట. ఇప్పుడు రెండు సంచులు. వద్దని మొత్తుకున్నాను. "ఇంకా అంత లేదని చెల్లి లెక్క చెబుతోంది, ఉన్నప్పుడు నేను ఇంట్లో ఉంటాను, లేనప్పుడు నాలుగు ఉత్తరాలు ఎక్కువ మోస్తే అరిగిపోతానా" అన్నారు. నువ్వు గట్టిగా రాస్తే వింటారు.

నీ వదిన

---

జులై 16

వదినా,

ఎలా తింటున్నావని అడిగావు. తింటున్నాను. మొదటి వారం తినలేకపోయాను. రెండో వారం ఆకలేసింది. సిగ్గేసింది గానీ తిన్నాను.

నాకు లెక్కలు నేర్పింది అన్నయ్యే. మా మేడమెట్లు ఎక్కిస్తూ ఒకటీ రెండూ చెప్పించేవాడు. పదమూడు మెట్లు. పదమూడు తర్వాత ఏంటని అడిగితే, "తర్వాత ఇల్లు" అనేవాడు. స్కూల్లో చేరేదాకా పదమూడు తర్వాత అంకె ఇల్లు అనే అనుకున్నాను. ఇక్కడ పెద్ద పెద్ద అంకెలు వేసేటప్పుడు నాకు అది గుర్తొస్తుంది. ఈ అంకెలన్నీ ఎవరి ఇళ్ళో అనుకుంటాను. అంతకంటే నన్ను అడక్కు.

మన ఇంటిని లెక్కలో వేశానా అన్నావు. లేదు. అన్నయ్యను ఇంట్లో కూర్చోబెట్టే తారీఖు చెప్పాను కదా, అందుకే వేయలేదు.

ఆసుపత్రి వీధి సంగతి: చేయనీ వదినా. ఇప్పుడు మన ఊళ్ళో రోజుకు ఇద్దరు ముగ్గురే పోతున్నారు, కాగితం మీద గీత ఇంకా నేలబారునే ఉంది. ఇప్పుడు కట్టేస్తే ఆగస్టులో మాట వినడు. ఎలాగూ పదో తారీఖున తాళం పడుతుంది. నీలం గళ్ళ మాస్కు మాత్రం తీయొద్దని చెప్పు.

నీ లెక్కలమ్మ

---

జులై 27 — అర్జంటు

వదినా,

ఇది చదివిన వెంటనే అన్నయ్యను ఇంట్లో కూర్చోబెట్టు. పదో తారీఖు దాకా ఆగొద్దు. సెలవు ఇవ్వకపోతే ఉద్యోగం పోయినా ఫరవాలేదు. నేను తప్పు చెప్పాను.

ఈ పొద్దున పెద్దాయన అడిగాడు, "ఇప్పటినుంచి అందరినీ ఇళ్ళల్లో పెడితే ఆగస్టు 20 అంకె తగ్గుతుందా?" అని. నేను లేచి నిలబడి చెప్పాను: "పెద్దగా తగ్గదండీ. ఆ రోజు పోయేవాళ్ళలో చాలామంది ఇప్పటికే అంటించుకుని ఉంటారు. అంటుకోవడానికీ పోవడానికీ మధ్య మూడు వారాలు పడుతుంది." నా నోటితో నేనే చెప్పాను. చెప్పి కూర్చున్నాక నా ఎదురుగా మన ఊరి కాగితం కనబడింది.

ఘోరంగా ఉండే రోజులేవని నువ్వు అడిగావు. నేను తలెత్తి గోడ చూసి రాసేశాను. గోడ మీద ఉన్నది చావుల తారీఖు వదినా. అంటుకునే తారీఖు కాదు. అంటుకోవడం ఎక్కువగా ఉండేది ఇప్పుడే, ఈ వారం, వచ్చే వారం. ఈ చిన్న సంగతి మా గదిలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రెండు నెలలుగా పొద్దున్నే ఒకటే ప్రశ్న విని విని, అన్నయ్య అడిగింది కూడా అదే ప్రశ్ననుకున్నాను. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టెలో పడ్డట్టయింది నా పని.

టెలిగ్రాం ఇద్దామని పరుగెత్తాను. చావు కబుర్లకు తప్ప తీసుకోవడం లేదన్నారు. మనింట్లో ఫోను లేదు. పోస్టాఫీసుకు చేస్తే గంటకు దొరికింది. ఎవరో ఎత్తి, "బీటులో ఉన్నాడు, ఏం చెప్పమంటారు?" అన్నారు. "ఈ రోజే సెలవు పెట్టమనండి, పదో తారీఖు దాకా వద్దనండి" అని అరిచాను. "సరే సరే, సెలవు సంగతేగా" అని పెట్టేశారు. ఏం విన్నారో తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

తొందరగా, వదినా.

---

జులై 30

లెక్కలమ్మా,

నీ పదహారో తారీఖు ఉత్తరం నియమం ప్రకారం మూడు రోజులు ఎండబెట్టుకుని చదివాను. జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది, ఏమనుకోకు. నువ్వే చేయనీ అన్నావు కాబట్టి నేనూ నోరు మూసుకున్నాను. పదమూడు తర్వాత ఇల్లు అనే కథ పిచ్చుకకు చెబితే, "నాకెందుకు అలా నేర్పలేదు" అని వాళ్ళ నాన్న మీద అలిగింది.

ఇవాళ మీ అన్నయ్య నీ ఇంకో ఉత్తరం తెచ్చారు. కవరు మీద అంత పెద్ద అక్షరాలతో అర్జంటు అని రాశావేంటి! డబ్బాలో వేస్తుంటే నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. "నువ్వు తెరిస్తే రేపు పిచ్చుక తెరుస్తుంది. చెల్లి మూడు రోజులంది, మూడు రోజులే. దానికి చిన్నప్పటినుంచీ అన్నీ అర్జంటే" అన్నారు. నీకు తెలుసుగా, ఇతరుల ఉత్తరమైతే కవరు ఎండలోకి ఎత్తి కూడా చూడరు. నా పేరున వచ్చింది ఆయనకు ఇతరుల ఉత్తరమే.

మొన్న నువ్వు పోస్టాఫీసుకు ఫోను చేశావట. "మీ చెల్లెలు సెలవు గుర్తు చేసింది" అని కౌంటరాయన చెప్పాడట. అంత దూరం నుంచి ఫోను చేసి మరీ గుర్తు చేయాలా, మర్చిపోతామా అని నవ్వుకున్నాం. ఇంక పదకొండు రోజులే. రోజూ పొద్దున పిచ్చుక ఒక గడి కొట్టేస్తోంది.

ఆసుపత్రి వీధిలో అంతా మారిపోయిందంటున్నారు. గేటు బయటే మనుషులు పడుకుంటున్నారట. పేరు పిలిచి ఉత్తరం ఇస్తే, మనిషి లేడని పక్కవాళ్ళు చెబుతున్నారట. రోజుకు రెండు మూడు ఉత్తరాలు తిరిగి సంచిలో వేసుకొస్తున్నారు. నీ లెక్కలో ఇంకా నేలబారునే ఉందా?

నీ వదిన

---

ఆగస్టు 2

ఇవాళ డబ్బా తెరిచాను.

మీ అన్నయ్యకు నిన్న మధ్యాహ్నం నుంచి జ్వరం. ఎండలో తిరగడం వల్ల అన్నారు. సంచులు దించి ముందు గదిలో పడుకున్నారు. నీ ఉత్తరం చదివాక ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఏం రాసింది?" అని అడిగారు.

చేయనీ వదినా అని రాశావు. నీ చేత్తో రాశావు. ఆ ఉత్తరం చించలేదు, నా దగ్గరే ఉంది.

---

ఆగస్టు 6

వదినా,

నీ ఉత్తరం కింద నీ వదిన అని లేదు. అదొక్కటే పదిసార్లు చూశాను.

నాకు ఏమీ చెప్పే ముఖం లేదు. అయినా ఒకటి చెప్పాలి. అన్నయ్య వయసువాళ్ళకు ఇది వస్తే నూటికి తొంభై ఆరుగురు లేచి తిరుగుతున్నారు. ఇది ఓదార్పు కోసం రాయడం లేదు, కాగితం చూసి, ఈసారి మూడుసార్లు చూసి రాస్తున్నాను. ఆయాసం వస్తే మాత్రం ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచకు.

నువ్వు ఇంకొకటి మనసులో పెట్టుకుని ఉంటావు. నా ఉత్తరం మూడు రోజులు డబ్బాలో ఉండిపోయిందని, అప్పుడే తెరిచి ఉంటే అని. నాకు తెలుసు, నువ్వు అదే అనుకుంటున్నావు. విను. జ్వరం ఒకటో తారీఖున వచ్చింది. అంటుకున్నాక జ్వరం రావడానికి అయిదారు రోజులు పడుతుంది. అంటే జులై 26, 27. నేను ఆ ఉత్తరం రాసిందే 27న. అది ఎగిరొచ్చి నీ ఒళ్ళో పడినా ఆలస్యమే. నీ డబ్బాది తప్పు కాదు. తప్పంతా జులై 2 ఉత్తరానిది, ఆ తర్వాత జులై 16 ఉత్తరానిది. రెండూ నావే.

బయల్దేరతానని పెద్దాయనను అడిగాను. రోడ్లు మూసేశారు, అనుమతి లేదన్నాడు. గేటు దాకా నడిచి వెళ్ళాను. వెనక్కి పంపేశారు.

పిచ్చుక దగ్గు లేకుండా ఉందా? నీకెలా ఉంది? ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

చెల్లెలు

---

ఆగస్టు 14

నీ ఉత్తరం తెరవకముందే, ఆయాసం రాగానే ఆసుపత్రిలో చేర్చాను. తొమ్మిదో తారీఖున. మర్నాటి నుంచి ఆయన సెలవు మొదలు. "ఒకరోజు ముందే మొదలెట్టాను చూడు, ఎప్పుడూ ఆలస్యం ఆలస్యం అంటావుగా" అన్నారు బండి ఎక్కుతూ. మాట మాటకూ ఊపిరి తీసుకున్నారు.

లోపలికి రానివ్వరు. పిచ్చుకను పక్కింట్లో వదిలి రోజూ వెళ్ళి, గేటుకు ఎదురుగా మూసేసిన కళ్ళజోళ్ళ షాపు మెట్ల మీద కూర్చుంటున్నాను. గేటు కాపలా మనిషికి మీ అన్నయ్య తెలుసు. మూడు వారాలు ఉత్తరాలు ఇచ్చారు కదా. "రెండో అంతస్తు, మూడో కిటికీ" అని చూపించాడు. నాలుగు రోజులు కిటికీలో నీలం గళ్ళ గుడ్డ ఊపారు. నిన్న ఊపలేదు.

రోజూ ఒక ఉత్తరం రాసి కాపలా మనిషికి ఇస్తున్నాను. నర్సు తీసుకెళ్ళి ఇస్తుందట. యాభై ఏళ్ళ జీవితంలో ఆయన పేరున ఉత్తరం రావడం ఇదే మొదలు. ఏం రాయాలో తోచక పిచ్చుక ఎన్ని బిస్కెట్లు తిన్నదో రాస్తున్నాను.

మాకిద్దరికీ దగ్గు లేదు. నీ మీద కోపం తగ్గలేదు. కానీ నీ ఉత్తరం రాని రోజు గుమ్మంలోకి రెండుసార్లు చూశాను. వేరే పోస్టుమాన్ వస్తున్నాడు. సైకిలు బెల్లు కొట్టడం కూడా సరిగ్గా రాదు అతనికి.

డబ్బా గురించి నువ్వు రాసింది చదివి వరండాలో కూర్చుని ఏడ్చాను. ఎలా తెలిసింది నీకు?

---

ఆగస్టు 23

వదినా,

నిన్న నీ టెలిగ్రాం అందింది.

తెచ్చిన మనిషి తలుపు కొట్టి, కాగితం ఇచ్చి, సంతకం కోసం పుస్తకం చాపి, నా మొహం చూడకుండా నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. చావు కబుర్లకు తప్ప టెలిగ్రాం తీసుకోవడం లేదని నాకు తెలుసు కదా, విప్పకుండానే సంతకం పెట్టాను. అతను వెళ్ళిపోతుంటే మెట్ల దాకా వెంట వెళ్ళాను. అన్నయ్య కూడా ఇన్నేళ్ళూ ఎన్ని గుమ్మాల్లో ఇలా తల దించుకుని నిలబడ్డాడో అనిపించింది. ఎన్నడూ ఇంటికొచ్చి చెప్పలేదు.

ఈ పొద్దున మన ఊరి లెక్క వచ్చింది. ఇరవయ్యో తారీఖే శిఖరం. నిన్నటికి మొత్తం రెండు వందల మూడు. మా నల్ల గీత మీదే ఉంది, సగం దారిలో. పెద్దాయన నా కుర్చీ వెనక నిలబడి, "వెంట్రుకవాసి కూడా తప్పలేదమ్మా" అని భుజం తట్టాడు. ఆయనకు తెలీదు. నేను చెప్పలేదు. ఆ రెండు వందల మూడులో ఒకటి నన్ను మెట్లు ఎక్కించిన చెయ్యి.

ఇంకా అన్ని చావులూ మిగిలే ఉన్నాయి, వదినా, కాగితం మీద. దిగడానికి కూడా ఎక్కినంత దూరం ఉంటుంది. పిచ్చుకను గుమ్మం దాటనివ్వకు. ఈ ఒక్క మాట నమ్ము. నా మాట నమ్మమని అడిగే హక్కు పోగొట్టుకున్నాను, అయినా అడుగుతున్నాను.

అన్నయ్యకు తెలుసా? నేనే తప్పు చెప్పానని తెలిసే పోయాడా? ఈ ఒక్కటి రాయి. ఏదైనా సరే నిజమే రాయి.

చెల్లెలు

---

సెప్టెంబరు 6

లెక్కలమ్మా,

రెండు వారాలు కలం పట్టుకోలేదు. నీ ప్రశ్నకు జవాబు నా దగ్గరుంది, అది ఇస్తే నా కోపంలో సగం పోతుందని భయపడి దాచుకున్నాను. నిజం చెబుతున్నాను. మీ అన్నయ్య పోయాక నాకు మిగిలింది ఆ కోపమే.

ఆయనకు తెలీదు. ఆ రోజు తలుపు దగ్గర నిలబడితే "ఏం రాసింది?" అని అడిగారని రాశాను కదా. "సెలవు ఇంకో వారం పెంచుకోమంది" అన్నాను. "ఇచ్చిందే ఎక్కువ, ఇంకా పెంచుతారా, పిచ్చిది" అన్నారు. జ్వరంతో ఉన్న మనిషికి మీ చెల్లి తప్పు చెప్పిందని ఎలా చెప్పను? ఆయన గొప్పలు చెప్పుకునేది ఒక్క నీ గురించే.

ఇరవయ్యో తారీఖు సాయంత్రం నర్సు ఒక చీటీ తెచ్చి ఇచ్చింది. నేను రాసిన ఉత్తరం వెనక పెన్సిలుతో రాశారు. జన్మలో ఆయన రాసిన ఉత్తరం అదొక్కటే. అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి. "ఇవాళ ఇరవై. రేపట్నించి తగ్గుతుందని చెల్లి చెప్పిందిగా. వార్డులో అందరికీ ధైర్యం చెప్పాను. ఇంకొక్క రోజు ఓపిక పట్టు." మర్నాడు పొద్దున పది గంటలకు కాపలా మనిషి నా దగ్గరికి నడిచి వచ్చాడు. అతను గేటు వదిలి రావడం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. నీ కాగితం ఇరవై అంది. ఆయన ఇరవై ఒకటిన పోయారు. ఎప్పటిలాగే ఒకరోజు ఆలస్యం.

చూశావా, ఇది రాస్తూ నవ్వాను. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పిచ్చుక పక్క గదిలో ఉంది.

పోస్టాఫీసు నుంచి ఆయన సెలవు కాగితం తిరిగొచ్చింది. ఇరవైలో పన్నెండు వాడుకున్నట్టు, ఎనిమిది మిగిలినట్టు రాశారు. పక్కన ఎర్ర సిరాతో "చెల్లవు" అని కొట్టేశారు. మూడేళ్ళు ఒక్కొక్క రోజూ దాచిన మనిషి. జలుబు చేసినా వెళ్ళేవారు, ఒక రోజు ఖర్చయిపోతుందని. పిచ్చుక ఆ కాగితం చూసి, "ఈ ఎనిమిది రోజులూ ఎవరికిస్తారమ్మా?" అని అడిగింది.

వచ్చే వారం రోడ్లు తెరుస్తారంటున్నారు. మీ పెద్దాయనను అడిగి ఎనిమిది రోజులు సెలవు పెట్టుకుని రా. నిన్ను తిట్టాలి. ఉత్తరంలో తిడితే చేరేలోపు మూడు రోజులకు చల్లారిపోతుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఆ జులై ఉత్తరం నీ చేత పైకి చదివించి తిడతాను. చీటీ పంపడం లేదు, అది కూడా వచ్చే చదువుకో. ఎనిమిది రోజుల్లో నా తిట్లు అయిపోతే పిచ్చుకకు సముద్రం చూపించి వద్దాం. అయిపోకపోతే సముద్రం దగ్గర తిడతాను.

ఈ ఇంటి అంకె లెక్కలో వేయలేదన్నావు కదా. ఇప్పుడు వెయ్యి. ముగ్గురం. నువ్వు, నేను, పిచ్చుక.

ఇది అందగానే తెరువు. ఎండలో పెట్టకు.

నీ వదిన